ఉస్తాదు ఉరికిన పొద్దు

పొద్దున్నే నలుగురు శిష్యులను ఉరికించాలి, పక్క ఊరి మీదుగా వస్తున్న దళనాయకుడు అమర్‌సింగ్ చేత శభాష్ అనిపించుకోవాలి. ఆ రోజు పోశాలు పెట్టుకున్న పని ఇంతే. రజాకార్ల కళ్లుగప్పి జనగామ నుంచి మానుకోట దాకా సంఘం కబుర్లు మోసిన కాళ్లు ఆయనవి. మోకాలు దెబ్బతిన్నాక సంఘం ఆయన్ని పరుగు నేర్పే ఉస్తాదును చేసింది. ఇవాళ శిష్యులు మెప్పించకపోతే ఉస్తాదుగిరీ ఊడి, దళం వంటపొయ్యి దగ్గర కూర్చోవలసిందే.

"అడుగు గట్ల గాదు! జర నన్ను సూడుండ్రి!" అంటూ ఉత్సాహం పట్టలేక వీధి వెంట తానే ఉరికి చూపించాడు.

అక్కడే కొంప మునిగింది. ఆ ఊళ్లో పోశాలు ఉరికాడంటే రజాకార్లు వస్తున్నట్టే లెక్క. ఆ లెక్క ఒక్కనాడూ తప్పలేదు మరి! బురుజు మీద నగారా మోగింది. ఆడవాళ్లు కారప్పొడి మూటలతో, మగవాళ్లు వడిసెలలతో బయటపడ్డారు.

"ఆగుండ్రి! ఎవ్వలు వస్తలేరు!" అని అరుస్తూ వాళ్లను ఆపడానికి వెంటపడ్డాడు పోశాలు. కుంటికాలితో కూడా ఇంతలా ఉరుకుతున్నాడంటే వచ్చేది పెద్ద దండే అనుకున్నారు జనం. శిష్యులు నలుగురూ గడ్డివాముల్లో దూరారు.

పోశాలు భార్య గట్టమ్మ మాత్రం విసుర్రాయి వదిలి, కొంగు నడుముకు చుట్టి, పక్క ఊరికి కబురు అందించడానికి చేన్లకు అడ్డంపడి ఉరికింది. కాసేపటికి అక్కడా నగారా మోగింది.

పోశాలు కుంటుతూ ఆ ఊరు చేరేసరికి అమర్‌సింగ్ చెమటలు కక్కుతూ చతికిలబడి ఉన్నాడు. గట్టమ్మ ఆయనకు మంచినీళ్లు ఇస్తోంది.

"తప్పయిందన్నా. రజాకార్లు లేరు, ఏం లేరు. నేనే ఉరికి సూపిచ్చిన," పోశాలు తల వంచుకున్నాడు.

"గది ఎనుక మాట్లాడుదాం. దారిల అక్క కేకేస్తే నేను గుడ ఉరికిన. ఎంత ఉరికినా అందలే! ఎవ్వలు నేర్పిన్రక్కా?"

గట్టమ్మ మొగుణ్ని ఓరగా చూసింది. "ఇంకెవ్వలు? గీయననే. కబురు రాంగనే సద్దిమూట మరిసి ఉరుకుతడు. అది అందియ్యనీకి ఎనుక నేను ఉరుకుడు. ఏ పొద్దయినా పొలిమేర దాటకముందే అందుకున్న."

అమర్‌సింగ్ తొడ చరిచి నవ్వాడు.

"ఇగ కబురు మోసేది అక్కనే! ఉస్తాదువు నువ్వే, పోశాలన్నా!"

పోశాలు ఆనందానికి పట్టపగ్గాలు లేవు. మర్నాడే గట్టమ్మ మానుకోట దారి పట్టింది. పోశాలుకు ఉస్తాదుగిరీ దక్కింది. వంటపొయ్యి కూడా తప్పలేదు, ఇంట్లోది.