మా ఇల్లు పెంచిన మొండి క్రిమి

ఆ ఆదివారం ఇంట్లో అమ్మ, మునినారాయణ చిన్నాన్న, పక్కింటి పిళ్ళప్ప తాత, నేను ఉన్నాం. అవ్వ లేదు. తుంటి విరిగి, ఆపరేషన్ అయి, ఇరవై రోజులుగా చిక్కబళ్ళాపురం ఆస్పత్రిలో ఉంది. తోడుగా నాన్న ఉన్నాడు. అమ్మకు పని ఉండి ఆగిపోయింది. మేం ముగ్గురం బస్సెక్కాం.

అక్కడ నాకు తెలిసివచ్చింది చెబుతాను, వినండి. ఏ మందుకూ చావని క్రిమి శాపం కాదు, వరం! ఊరికే పుడుతుందా అది? ఎంతమంది కష్టపడాలి!

ముందుగా, మాత్రలు పూర్తిగా మింగకూడదు. డాక్టరు ఐదు రోజులకు రాస్తాడు. రెండో రోజుకే జ్వరం తగ్గుతుంది. మిగిలినవి పారేస్తామా? అంత పొగరు మాకు లేదు! బిస్కెట్ డబ్బాలో దాస్తాం. చిన్నాన్న దగ్గు మాత్ర తాత పంటినొప్పికి, తాత మాత్ర అవ్వ కాలి పుండుకు. ఇంతకన్నా గొప్ప ఇచ్చిపుచ్చుకోవడం ఏ ఊళ్ళో ఉంది?

"ఎర్రదొకటి, పచ్చదొకటి ఏసుకోమ్మా. రెండూ కలిస్తే జోరుగా పనిచేస్తాది" అని అవ్వకు చెప్పేది చిన్నాన్నే. మెడికల్ కాలేజీ గేటు కూడా చూడని మనిషి!

ఇన్ని రకాలు రుచి చూసిన క్రిమి ఊరుకుంటుందా? ఏ మందును ఎలా తప్పించుకోవాలో నేర్చేసుకుంది. నాకు ట్యూషన్ పెట్టించనివాళ్ళు దానికి ఇంత చదువు చెప్పించారు.

ఇక ఆస్పత్రి. అన్ని రోజుల మకాం, చేతికి సూది, మూత్రానికి గొట్టం. క్రిమికి ఎన్ని వాకిళ్ళో చూడండి! చాలకపోతే మేం ఉన్నాం. పిళ్ళప్ప తాత పక్క మంచం ఆయన కట్టును నిమిరి పరామర్శించి, వచ్చి అవ్వ దుప్పటి మీద కూర్చున్నాడు. చిన్నాన్న మూత్రం సంచి ఎత్తి, "యాడ, సగం గూడా నిండలే?" అని, అదే చేత్తో అవ్వ నోట్లో ద్రాక్షపండు పెట్టాడు.

"చేతులు కడుక్కోండప్పా!" అంది నర్సు రశ్మి.

"మా అమ్మను ముట్టుకునేకి చేతులు కడగాల్నా? మేమేమన్నా పరాయోళ్ళమా తల్లీ?"

నిజమే కదా! సబ్బు పరాయివాళ్ళకు.

అప్పుడే డాక్టరు వచ్చాడు. ఆపరేషన్ గాయంలో చీము పట్టిందట. పన్నెండు మందులు పరీక్షిస్తే పదకొండింటికి క్రిమి లొంగలేదట. మిగిలింది ఒక్కటే. దానికీ లొంగకపోతే తన చేతిలో ఏమీ లేదన్నాడు.

"మా అమ్మ ఒంట్లో ఉండేది ఏదైనా గట్టిదే సార్!" అని నవ్వబోయి, నాన్న మొహం చూసి ఆగిపోయాడు చిన్నాన్న.

అవ్వ నా వేళ్ళు పట్టుకుంది. "ఇంటికెప్పుడు పిల్చుకుపోతారే?"

సాయంత్రం ఊళ్ళో బస్సు దిగి పరుగెత్తాను. అమ్మ పెరట్లో పట్టుపురుగుల ఇంట్లో ఆకు వేస్తోంది. గడప ముందు కాళ్ళు ముంచి రావడానికి బ్లీచింగ్ నీళ్ళ తొట్టి, లోపల నేలంతా సున్నం. వారంలో పురుగులు గూళ్ళు కడతాయి.

"అమ్మా, అవ్వకు..." అంటూ గడప మీద కాలు పెట్టాను.

"ఆడే నిలబడు! ఆస్పత్రి నుంచి వచ్చి, చేతులు కడగకుండా లోపలికొస్తావా? పురుగులకేమన్నా తగిలితే ఏం గతి?"

నా మొహం మీదే తలుపు వేసేసింది.