మూడో వరసలో అత్తగారు

ఆ ఆదివారం ఉదయానికి కళ్ళద్దాలాయన వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. ముందు తెల్ల బండి నడిపి చూడాలి. తర్వాత రోడ్డు దాటి నీలం బండి నడిపి చూడాలి. భోజనాల వేళకి రెండింటిలో ఒకటి బుక్ చేసి ఇంటికి చేరాలి. రెండూ కరెంటుతో నడిచే ఎస్‌యూవీలే. రెండు షోరూములూ ఒకే రోడ్డు మీద, ఎదురెదురుగా, ఒకదాన్నొకటి గుడ్లురిమి చూసుకుంటూ ఉంటాయి.

ఆయనకి బజారులో కళ్ళద్దాల షాపుంది. రోజంతా మనుషుల ముక్కు మీద బరువైన ఫ్రేము పెట్టి, అద్దాలు మార్చి మార్చి, "ఇది బాగుందా, అది బాగుందా" అని అడగడమే ఆయన పని. పాత కారు అమ్మేసిన దగ్గర్నుంచి ఆ అలవాటు ఇంటికి కూడా వచ్చేసింది. అన్నం ముందు కూర్చుంటే చాలు, తెల్లదా, నీలందా అన్న విచారణ మొదలయ్యేది. తెల్లదాని ధర తక్కువ, సీట్లు మూడు వరసలు, ఒకసారి చార్జి చేస్తే ఎక్కువ దూరం పోతుందని కంపెనీ వాళ్ళ మాట. నీలందానికి పరుగు ఎక్కువ, లోపల టీవీ అంత తెర, చుట్టూ కెమెరాలు, తిరిగి అమ్ముకున్నా మంచి ధర పలుకుతుంది, వీధిలో నిలబెడితే పదిమందీ తిరిగి చూస్తారు.

కంపెనీ వాళ్ళ మాట గుర్తొచ్చినప్పుడల్లా ఆయనకి ఒళ్ళు మండేది. "అంత దూరం ఎలా పోతుందట? ఏసీ వెయ్యకూడదు, ఎత్తు ఎక్కకూడదు, ఎదురుగాలి వీయకూడదు. అసలు బండిలో మనిషే లేకపోతే ఇంకా దూరం పోతుంది. ఇది పట్టపగలు దగా కాదా?" అని మంచినీళ్ళ గ్లాసుని నిలదీసేవాడు. గ్లాసు తప్ప ఆ సమయానికి వినేవాళ్ళెవరూ మిగిలేవాళ్ళు కాదు.

ఆయన భార్య హాస్పిటల్లో హెడ్ నర్సు. కారు అమ్మేశాక డ్యూటీకి బస్సులో నిలబడి వెళ్ళి, బస్సులో నిలబడి వస్తోంది. ఆదివారం కూడా డ్యూటీ పడిన ఆవిడ, చెప్పులు వేసుకుంటూ ఒకే మాట చెప్పింది. "ఏదో ఒకటి బుక్ చేసి రండి. ఎర్రదైనా పచ్చదైనా నాకొకటే. సాయంత్రం మళ్ళీ 'అయితే ఒక సంగతి' అని మొదలుపెట్టారంటే నేను హాస్పిటల్లోనే మంచం వేసుకుంటాను. అమ్మని కూడా వెంట తీసుకెళ్ళండి. ఆవిడ పక్కనుంటే మీరు కాస్త తొందరగా తెముల్తారు."

తెల్ల బండి ప్రయాణం సజావుగానే సాగింది. కళ్ళద్దాలాయన నడిపాడు, పక్కన సేల్స్ అమ్మాయి కూర్చుంది, వెనక అత్తగారు కూర్చుంది. తిరిగొచ్చి షోరూము ముందు ఆగాక ఆయన వెనక తలుపు తీసి, చివరి వరస వైపు వేలు చూపించాడు.

"అసలు మోసం ఇదీ. ఇందులో మనిషి కూర్చోలేడు. సూట్‌కేసు కూర్చుంటుంది."

ఆ మాట అత్తగారికి నచ్చలేదు. పొట్టిగా ఉండే మనిషి కావడంతో, పొడుగువాళ్ళు చెప్పే కొలతలు ఆవిడ జన్మలో నమ్మలేదు. "ఉండు బాబూ, నేను చూస్తాను" అని మధ్య సీటు మడతపెట్టించి మూడో వరసలోకి ఎక్కింది. కూర్చుంది. ఒక పక్కకి ఒరిగింది. తర్వాత పూర్తిగా పడుకుని గోధుమరంగు శాలువా కప్పుకుంది. "కూర్చోవడమేమిటి, దివ్యంగా పడుకోవచ్చు. చల్లగా కూడా ఉంది. ఇదిగో, నా హ్యాండ్‌బ్యాగు పట్టుకో, కాళ్ళకి అడ్డమొస్తోంది. నువ్వెళ్ళి మాట్లాడుకుని రా."

సేల్స్ అమ్మాయి కాగితాలు తేవడానికి అప్పటికే లోపలికి పోయింది. కళ్ళద్దాలాయన హ్యాండ్‌బ్యాగు చంకలో పెట్టుకుని మేనేజరు దగ్గరికి నడిచాడు.

"ఒక్కసారి చార్జికి ఇంత దూరమని రాశారు. ఎక్కడ పోయిందండీ అంత దూరం?"

"అది అనుకూల పరిస్థితుల్లో సార్."

"ఆ పరిస్థితులు ఏ ఊళ్ళో ఉంటాయో చెప్పండి. సంసారం అక్కడికే మారుస్తాను."

మేనేజరు బల్ల మీది గంట నొక్కాడు. "కాఫీ తీసుకుంటారా సార్?" అన్నాడు.

కళ్ళద్దాలాయనకి అరికాలి మంట నెత్తికెక్కింది. ప్రశ్న అడిగితే కాఫీ ఇవ్వడమేమిటి? రేపు తన షాపుకొచ్చి కళ్ళు కనపడటం లేదన్నవాడికి తనూ కాఫీయే ఇవ్వాలా? ఆ మాటే పైకి అనేసి, విసురుగా బయటికొచ్చి, అటూ ఇటూ చూడకుండా రోడ్డు దాటి నీలం షోరూములోకి దూసుకుపోయాడు. కోపానికి చార్జింగు అక్కర్లేదు. ఎంత దూరమైనా లాక్కుపోతుంది. ఆ ఊపులో వెనక ఏం వదిలేసి వచ్చాడో ఆయనకి గుర్తు రాలేదు.

నీలం షోరూములో టై కట్టుకున్న సేల్స్ మనిషి ఆయన్ని నేరుగా స్టీరింగు ముందు కూర్చోబెట్టి, తను పక్కన కూర్చున్నాడు. "సార్, సీటు మీ నడుము పట్టుని బట్టి తనే సర్దుకుంటుంది" అని మొదలుపెట్టాడు. కళ్ళద్దాలాయన తృప్తిగా తలూపుతూ ముందుకి చూశాడు. ఎదుటి షోరూములోంచి తెల్ల బండి మెల్లగా రోడ్డెక్కుతోంది. స్టీరింగు దగ్గర ఎవరో పెద్దమనిషి, పక్కన ఇందాకటి సేల్స్ అమ్మాయి, మధ్య వరసలో ఒకావిడ. బండి మలుపు తిరిగింది. వెనక అద్దంలో గోధుమరంగు శాలువా కొస కనిపించింది.

ఆయన స్టీరింగు పట్టుకుని ముందుకి వంగాడు.

"మా అత్తగారు," అన్నాడు. "మా అత్తగారు తెల్లదాంట్లో ఉన్నారు."

"మామూలే సార్" అన్నాడు టై మనిషి ఓదార్పుగా. "ఇళ్ళల్లో పెద్దవాళ్ళు ముందు తెల్లదాంట్లోనే ఉంటారు. ఒక్కసారి దీని పనితనం చూశారంటే వాళ్ళే మనసు మార్చుకుంటారు."

"మనసు కాదయ్యా. మనిషే అందులో ఉంది. ఆ బండిని వదలకూడదు."

"వదలం సార్. దానికి మన దగ్గర ప్రత్యేకంగా ఒక ఫీచరుంది."

బండి రోడ్డెక్కగానే టై మనిషి తెర మీద ఏదో నొక్కాడు. నీలం బండి తెల్ల బండిని గుర్తుపట్టి, తాడేసి కట్టినట్టు దాని వెనకే నడవడం మొదలుపెట్టింది. అది జోరందుకుంటే ఇదీ అందుకుంటోంది. అది నెమ్మదిస్తే ఇదీ నెమ్మదిస్తోంది. మధ్య ఎడం మాత్రం అంగుళం తగ్గడం లేదు. ఈ ఫీచరు గురించి కళ్ళద్దాలాయన ఇంట్లో ఎన్ని పూటలు ఉపన్యాసమిచ్చాడో లెక్కలేదు. తీరా ఇప్పుడు దాన్ని ఎలా ఆపాలో తెలియలేదు.

"దగ్గరికి పోదేం?"

"పోదు సార్. అదే దాని గొప్పతనం."

కళ్ళద్దాలాయన ఫోను తీసి అత్తగారికి చేశాడు. ఆయన ఒళ్ళోనే హ్యాండ్‌బ్యాగు మోగింది. ఒళ్ళు మండిపోయి హారన్ మీద చెయ్యి వేసి తియ్యలేదు. దాంతో తెల్ల బండి ఉలిక్కిపడ్డట్టు వేగం పెంచింది. నీలంది కూడా పెంచింది. ఎక్కగానే టై మనిషి ఆయన ఫోన్ని బండికి జోడించాడేమో, ఇంతలో తెర మీద భార్య పేరు వెలిగింది. టై మనిషి సాయం చేస్తున్నాననుకుని ఫోను కలిపేశాడు. ఆవిడ గొంతు బండి నిండా వినిపించింది.

"ఏమండీ, బుక్ చేశారా?"

"ఆ పని మీదే ఉన్నాను."

"అమ్మేదీ?"

"ముందుంది."

"ముందు సీట్లో కూర్చోబెట్టారా? ఆవిడకి కళ్ళు తిరుగుతాయని తెలుసు కదా."

"ముందు సీట్లో కాదే. ముందు బండిలో."

"రెండు బండ్లు తీసుకున్నారా?" అంది ఆవిడ. "మీకొకటి, మా అమ్మకొకటి? ఇన్నాళ్ళూ మిమ్మల్ని ఎన్ని మాటలన్నానండీ." పెళ్ళయిన కొత్తలో తప్ప ఆ మెత్తదనం ఆ గొంతులో ఆయన వినలేదు. మీ అమ్మని పోగొట్టుకున్నానని ఆ గొంతుకి చెప్పడం ఎలాగో ఆయనకి తోచలేదు. తోచేలోగా ఆవిడ ఫోను పెట్టేసింది. పెట్టేసే ముందు పక్కనెవరికో ఆ శుభవార్త చెప్పడం మాత్రం వినిపించింది.

"రెండోది కూడా మన దగ్గరే తీసుకుంటే బావుంటుంది సార్" అన్నాడు టై మనిషి.

కళ్ళద్దాలాయన ఆ మాటకి చెప్పిన జవాబు విని, బండే కల్పించుకుంది. 'మీరు ఒత్తిడిలో ఉన్నట్టున్నారు. కాసేపు ఆగి విశ్రాంతి తీసుకోండి' అని తియ్యటి ఆడగొంతుతో చెప్పి, సీటు వెనక నుంచి ఆయన వీపు పిసకడం మొదలుపెట్టింది. ఆయన జీవితంలో ఎందరి చేతనో అవమానపడ్డాడు గాని, సీటు చేత ఎన్నడూ పడలేదు. కసికొద్దీ యాక్సిలరేటరు తొక్కాడు. అప్పుడు మాత్రం నీలం బండి బాణంలా ముందుకి పోయి తెల్లదాని తోక దగ్గర వాలింది. ఆయన కిటికీలోంచి తల బయటపెట్టి, ఆగమని చెయ్యి ఊపాడు.

తెల్ల బండి వెనక అద్దంలో శాలువా కదిలింది. అత్తగారు లేచి కూర్చుంది. జుట్టు సవరించుకుని, కళ్ళు చిట్లించి వెనక్కి చూసింది. కళ్ళజోడు హ్యాండ్‌బ్యాగులో ఉండిపోయిందాయె. ఎవడో రౌడీ వెంటపడ్డాడనుకుని ఆవిడ పిడికిలి చూపించింది. తర్వాత ముందుకి వంగి ఏదో చెప్పింది. తెల్ల బండి ఇంకా జోరందుకుంది.

ఊరి చుట్టూ ఉన్న పెద్ద రోడ్డు మీద రెండు బండ్లూ ఒక ప్రదక్షిణ పూర్తిచేసి, ఒకదాని వెనక ఒకటి వచ్చి తెల్ల షోరూము ముందు ఆగాయి. కళ్ళద్దాలాయన దిగాడు. తెల్ల బండిలోంచి పెద్దమనిషి దిగాడు. ఆయన పశువుల డాక్టరు. ఎగబడే ఎద్దుల్ని అదుపు చేసిన చేతులేమో, చొక్కా చేతులు పైకి మడుస్తూ దగ్గరికొచ్చాడు.

"ఆడవాళ్ళున్న బండిని తరుముతావా?"

"ఆ ఆడవాళ్ళలో ఒకావిడ మా మనిషి."

ఇద్దరి మధ్యకీ అత్తగారు వచ్చి కళ్ళు చికిలించి చూసింది. "ఆగు డాక్టరుబాబూ. రౌడీ కాదు, మా అల్లుడే" అని, ఆయన చంకలోంచి హ్యాండ్‌బ్యాగు లాక్కుని కళ్ళజోడు పెట్టుకుంది.

జరిగింది ఆవిడే చెప్పింది. మెలకువ వచ్చి ముందున్న డాక్టరుగారి భార్య భుజం మీద చెయ్యి వేస్తే, ఆ ఇల్లాలు హడలిపోయిందట. సేల్స్ అమ్మాయి పరువు దక్కించుకోవడానికి, వెనక సీటు ఎంత సుఖమో చూపించడానికి కంపెనీయే ఈవిడని పెట్టిందని చెప్పేసిందట. వెంటపడ్డ నీలం బండి సంగతి అడిగితే, పోటీ కంపెనీ వాళ్ళు ఓర్వలేక చేస్తున్న పని అందట. "నాకు మాత్రం నిద్ర బాగా పట్టింది" అని ముగించింది అత్తగారు. "చెప్పకుండా పోయింది నువ్వు."

ఆ చివరి మాట విననట్టు కళ్ళద్దాలాయన మేనేజరు మీద విరుచుకుపడ్డాడు. "లోపల మనిషి ఉందో లేదో చూసుకోరా? పెద్దావిడని సామానులా వేసుకుపోతారా?"

"వేసుకుపోయింది మేమే సార్. సామానులా వదిలేసి వెళ్ళింది మీరు."

ఆ మాటతో ఆయన ఒంటికాలి మీద లేచాడు. మూడో వరస ఎందుకు పెట్టారు, పెట్టినవాళ్ళు దాన్ని చూసుకోవద్దా, ప్రకటనలో రాసిన దూరం సంగతేమిటి అంటూ మొదట్నుంచీ అందుకున్నాడు. ఈలోగా ఇంకో కాఫీ వచ్చింది. దాన్ని కూడా తిట్టాడు. అన్నీ కడిగేసి, మనసు తేలికపడి, ఇక నీలందే తీసుకుందామని రోడ్డు దాటేసరికి, నీలం షోరూములో డాక్టరుగారు సంతకం పెడుతున్నాడు. పక్కన టై మనిషి పెన్ను మూత పట్టుకుని నిలబడ్డాడు.

"మీరేంటిక్కడ?"

"బండి తీసుకుంటున్నానండీ" అన్నాడు డాక్టరు, కోపం పూర్తిగా దిగిపోయిన మొహంతో. "పరిగెత్తేదేదో, చతికిలబడేదేదో చూస్తే చెప్పగలను, నా వృత్తే అది. నేనెంత తొక్కినా ఇది మమ్మల్ని వదల్లేదు. మీరు తోలిన తీరు అద్దంలో చూస్తుంటే ముచ్చటేసింది. తెల్లది చవక కావచ్చు, వెనక ఒకళ్ళు పడుకోవచ్చు. ముందు కూర్చున్నవాడికి కాస్త సరదా ఉండాలి కదా."

"నాకు కూడా ఇదే కావాలి."

టై మనిషి విచారంగా చేతులు నలుపుకున్నాడు. "సిద్ధంగా ఉన్నది ఇదొక్కటే సార్. తర్వాతిది రావాలంటే నెలలు పడుతుంది. మీరు ముందే ఒక్క మాట అంటే..."

"దీన్ని అమ్మింది నేను. ఊరంతా తిప్పి, సీటు చేత పిసికించుకుని, పిడికిలి చూపించుకుని ఆయన చేత కొనిపించింది నేను. నాకే లేదంటారా?"

"ఆ మాట నిజమే సార్. మా వాళ్ళెవ్వరూ ఇంత బాగా చూపించలేదు."

ఈలోపు అత్తగారు కూతురికి ఫోను చేసింది. "నాకు బండేమిటే? ఎవరు కొన్నారు? అసలు మీ ఆయన ఒక్కటి కూడా కొనలేదు" అని, అటునుంచి వస్తున్నదంతా విని, ఫోను అల్లుడి చేతికిచ్చింది. ఆయన 'అయితే ఒక సంగతి' అన్నాడు. అంతే. ఫోను కట్టయిపోయింది. వార్డులో ఒక మంచం ఖాళీగా ఉందో లేదో ఇక హెడ్ నర్సుకే తెలియాలి.

"తెల్లది తీసేసుకో బాబూ" అంది ఆవిడ.

"చచ్చినా తీసుకోను. నాకు కాఫీ ఇచ్చారు వాళ్ళు."

ఆవిడ నిట్టూర్చి బస్‌స్టాపు వైపు నడిచింది. కళ్ళద్దాలాయన వెనకే కదలబోతుంటే టై మనిషి మోచెయ్యి పట్టుకుని, గొంతు తగ్గించాడు.

"సార్, వెయిటింగులో మీ పేరు కాస్త పైకి జరిపే మార్గం ఒకటుంది. వచ్చే ఆదివారం తెల్లదాన్ని చూడటానికి ఇంకో పార్టీ వస్తోందట. మీరు ఇలాగే ఒక్కసారి వెనకాల వస్తే చాలు."

కళ్ళద్దాలాయన మొహం జేవురించింది. తనని ఏమనుకుంటున్నారని అడిగాడు. బజారులో తనకో షాపుందని, నలుగురిలో పరువుందని, కొనడానికి వచ్చిన మనిషిని కూలికి బండి తోలమనడానికి సిగ్గుండాలని గట్టిగా చెప్పాడు. ఈ కంపెనీ, ఆ కంపెనీ ఒకే తానులో గుడ్డలేనని, రెండింటి బాగోతం బయటపెడతానని వేలు చూపించి హెచ్చరించాడు. టై మనిషి తల వంచుకుని మొత్తం విన్నాడు.

అంతా అయ్యాక ఆయన ఎన్నింటికి రావాలో అడిగాడు.