బుడన్‌సాబ్ పెన్సిలు గీత

"ఇంగ్లీషులో కవల మాటలుండాయి! ఒకదాని బదులు ఇంకోటి పడిందా, సర్కారు పరువు గంగలో కలిసినట్టే!" అని 1958లో పెనుకొండ తాలూకా కచేరీలో హెడ్‌గుమాస్తా నారాయణప్ప ప్రకటించినాడు. ఆపొద్దు నుంచి ప్రతి అర్జీ ఆయన దిద్దితేనే తహసీల్దారు దగ్గరికి పోయేది.

వరండాలో చాపేసుకుని అర్జీలు రాసే బుడన్‌సాబ్‌కు నెల తిరక్కముందే సంగతి తెలిసిపోయింది. నారాయణప్పకు అఫెక్టూ తెలీదు, ఎఫెక్టూ తెలీదు. కానీ తప్పు దొరక్కపోతే అర్జీ కదలదే! అందుకని సాబ్ ప్రతి అర్జీలో ఒక మాట కావాలనే తప్పు రాసి, కింద పెన్సిలు గీత గీసి, పైన సరైన మాట సన్నగా రాసేవాడు. చంటిబిడ్డకు దిష్టిచుక్క పెట్టినట్టు! నారాయణప్ప ఆ పెన్సిలు మాటమీదే ఎర్రసిరా దిద్ది, కింద గీతను రబ్బరుతో చెరిపేసి, మీసం దువ్వుకునేవాడు.

నాలుగేండ్లు ఇద్దరూ సుఖంగా ఉండారు. అంతలో కొత్త తహసీల్దారు వచ్చినాడు. పాత అర్జీలన్నీ తిరగేసినాడు.

"ప్రతిదాంట్లో ఒక తప్పా! ఎవరయ్యా ఈ బుడన్‌సాబ్? రేపట్నుంచి వరండాలో కనపడకూడదు. అర్జీలు నారాయణప్పగారే రాస్తారు!"

ఆ చాప పోతే సాబ్ ఇంట్లో పొయ్యి వెలగదు. "సార్, మీరొక మాట చెప్పండి," అని నారాయణప్పను బతిమాలినాడు.

"నేనేం చేసేది అప్పా? రికార్డు మాట్లాడతాంది!"

తెల్లారి రొద్దం ఊరి ఆదెమ్మ బావి పూడిక తీయించమని అర్జీకి వచ్చింది. నారాయణప్ప కలం పట్టినాడు. కలం కదల్లేదు. ఆదెమ్మను వెంటేసుకుని, కచేరీ గోడ వెనక కూర్చున్న సాబ్ దగ్గరికి మెల్లగా పోయినాడు.

"రాసియ్యప్పా, నా మానం కాపాడు!"

సాబ్ రాసిచ్చినాడు. చేతి అలవాటు యాడికి పోతుంది? నారాయణప్ప ఉన్నదున్నట్టు ఎత్తిరాసినాడు.

తహసీల్దారు కండ్లద్దాలు సర్దుకున్నాడు. "ఒకేచోట రెండు మాటలేమయ్యా? కింద ఈ గీతేమిటి?"

నారాయణప్ప కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసినాడు. పక్కన నిలబడిన ఆదెమ్మకే జాలేసింది.

"అది సాబ్ గీస్తాడు సామీ! తప్పు యాడుండాదో ఈ సారుకు తెలియాల గదా!"

మధ్యాన్నానికి చాప మళ్ళా వరండాలో పడింది. సాయంత్రం బంట్రోతు ఒక కవరు తెచ్చి సాబ్ ఒళ్లో పెట్టినాడు. లోపల తహసీల్దారు కలెక్టరుకు ఇంగ్లీషులో రాసుకున్న ఉత్తరం. దానికి గుచ్చిన చీటీలో తెలుగులో ఒకటే ముక్క: "సాబ్‌గారూ, యాడైనా గీత పడుతుందేమో చూడండి."