మీ కుక్క సంగతి స్వీకరించబడినది

అయ్యలారా, అమ్మలారా! ఫోనెత్తి "హలో" అనడం ఎంత మోటు పనో ఎప్పుడైనా ఆలోచించారా? ఆలోచించి ఉండరు. అందుకే మీ తరఫున మా వరాంబీ ఊరి కౌన్సిలే ఆలోచించింది.

తప్పిపోయిన కుక్కల్ని ఉంచడానికి మా ఊరికి ఒక షెడ్డుంది. చెత్త పారబోసే దారిలో, పద్దెనిమిది కిలోమీటర్ల అవతల. దాన్ని చూసుకునేది మెర్వ్. పూర్వం కుక్క పోయినవాళ్ళు షెడ్డు గోడకున్న ఫోన్‌కి చేస్తే మెర్వ్ ఏమనేవాడో తెలుసా?

"ఆ, ఇక్కడే ఉంది మీ వెధవ! నా శాండ్‌విచ్ మింగి నిద్రపోతోంది. వచ్చి పట్టుకెళ్ళండి."

ఇదా ప్రజాసేవ? ఇందులో రికార్డేది? గ్రాఫేది?

అంచేత వెబ్‌సైట్లోంచి ఆ నంబరు పీకేసి, పని కంప్యూటర్ విభాగానికి అప్పగించారు. విభాగమంటే నేనే. మొత్తం నేనే.

క్లౌడ్ ప్లాట్‌ఫారం మీద ఒక హెచ్‌టీటీపీ ఎండ్‌పాయింట్ పెట్టాను. పేరు చూసి జడుసుకోకండి, అది ఇంటర్నెట్‌లో ఒక అడ్రసు, అంతే! కుక్క పేరూ రంగూ ఫారంలో నింపి నొక్కితే కబురు అక్కడికి చేరుతుంది. చేరిన మరుక్షణం అది "202" అంటుంది. అంటే "స్వీకరించబడినది" అని. ఎంత మర్యాద!

స్వీకరించాక ఆ కబురు ఎవరికి పంపాలో దాని సెట్టింగుల్లో ఒక గడిలో నేను చెప్పాలి. అక్కడ మెర్వ్ ఈమెయిల్ రాయాలి. మెర్వ్‌కి ఈమెయిల్ లేదు. ఇవ్వాలంటే మేనేజర్ సంతకం కావాలి. ఆవిడేమో పదేళ్ళ సర్వీసుకి వచ్చిన మూడు నెలల సెలవులో ఉంది. ఆ సెలవులో ఉన్న మనిషిని మా దేశంలో ఇల్లు తగలబడినా కదిలించరు. కాబట్టి గడి ఖాళీగా వదిలేసి, కొబ్బరి పొడి అద్దిన లామింగ్టన్ కేకులు పంచుకుని ప్రారంభోత్సవం చేసేశాం.

మొదటి వారం నలభై ఒక్క కబుర్లు! నలభై ఒక్కటికీ డ్యాష్‌బోర్డ్ మీద పచ్చ టిక్కులే! నూటికి నూరు! మెర్వ్ ఏనాడైనా నూటికి నూరు తెచ్చుకున్నాడా? కుక్కలకి స్నానం చేయిస్తుంటే ఫోన్ మోగినా ఎత్తేవాడు కాదు.

ఇంత సౌఖ్యంలోనూ అసంతృప్తిపరులుంటారు. మా పక్కింటి నోలీన్ గారి కుక్క గ్రేవీ ఓ సోమవారం కంచె కిందనుంచి జారుకుంది. ముసలిది, ఒక చెవి వినపడదు. షెడ్డులో ఏ కుక్కనైనా ఎనిమిది రోజులే ఉంచుతారు. ఎవరూ రాకపోతే ఇంకెవరికో ఇచ్చేస్తారు. ఆవిడేమో చూపు మందగించి కారు నడపడం మానేసింది. పోనీ ఎవరైనా తీసుకెళ్ళినా, అపాయింట్‌మెంట్ లేనిదే గేటు తీయరు. అపాయింట్‌మెంట్ కోసం నా అడ్రసుకే రాయాలి. అదీ స్వీకరించబడుతుంది!

అయిదో రోజు కంచె మీదుగా అడిగింది. "క్లైవ్, నా గ్రేవీ సంగతేమైనా తెలిసిందా?"

"మీ కబుర్లకి పదకొండు టిక్కులొచ్చాయి నోలీన్ గారూ! అన్నీ పచ్చవే!"

"టిక్కుల్నేం చేసుకోను నాయనా? సాసేజ్ పెట్టి పక్కన పడుకోబెట్టుకోనా?"

చూశారా, టెక్నాలజీ అంటే ఎంత చులకనో!

ఎనిమిదో రోజు పొద్దున ఆవిడ పెరట్లోకి వచ్చింది. కుక్క గిన్నె కడిగి, మెట్టు మీద బోర్లించి లోపలికి వెళ్ళిపోయింది. నా కంట్లో ఏదో పడింది. లామింగ్టన్ మీది కొబ్బరి అయ్యుంటుంది.

ఆఫీసుకెళ్ళి నా ఎండ్‌పాయింట్‌ని నేనే పరీక్షించాను. "గ్రేవీ బతికుందా?" అని పంపాను. 202. "షెడ్డు తగలబడుతోంది" అన్నాను. 202. "నేను పావ్లోవా కేకుని, నన్ను కుక్క తినేసింది" అన్నాను. స్వీకరించబడినది!

వెంటనే వెనక్కొచ్చి నోలీన్ గారిని కారెక్కించుకున్నాను. షెడ్డు దగ్గర అద్దం దించి, సిగ్గు విడిచి అరిచాను. "మెర్వ్!"

"ఆఁ, వస్తున్నా! చెవులు పనిచేస్తున్నాయిలే!" నీళ్ళ పైపుతో మెర్వ్ పరుగెత్తుకొచ్చాడు. "ఊరంతా ఎక్కడ చచ్చారు గురూ? ఒక్కడూ ఫోన్ చెయ్యడేం? ఇరవై ఆరు కుక్కలు! నేను కుర్చీలో కూర్చుని వారమైంది. దాంట్లో నాలుగు పడుకుంటున్నాయి."

ఆ నాలుగింట్లో ఒకటి తల ఎత్తింది. నోలీన్ గారు "ఒసేయ్ దొంగపీనుగా!" అనగానే, వినపడే చెవి ఇటు తిప్పి, కుర్చీతో సహా దొర్లి పడి పరుగెత్తుకొచ్చింది. ఆవిడ ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఈసారి కొబ్బరి కాదు.

"మెర్వ్, ఆ గోడ ఫోన్ ఇంకా పనిచేస్తుందా?"

"చెయ్యకేం? మానెయ్యమని దానికెవరూ చెప్పలేదుగా."

అయినా నూటికి నూరంటే మాటలా! మురిసిపోయిన కౌన్సిల్ రెండో దశ కూడా నాకే అప్పగించింది. ఇకమీదట మీ ఇంట్లోకి పాము దూరితే, పాములు పట్టే డారిల్‌కి ఫోన్ చేసే శ్రమ మీకుండదు. నా ఎండ్‌పాయింట్‌కి పాము రంగూ పొడుగూ రాసి పంపండి. తప్పకుండా స్వీకరించబడుతుంది.

డారిల్ నంబరు వెబ్‌సైట్లోంచి శుక్రవారం తీసేస్తున్నారు. ఈలోగా దాన్ని ఫ్రిజ్ తలుపు మీద రాసుకోండి. నేను రాసుకున్నాను, మెర్వ్ నంబరు కింద.