అరవై ఎనిమిది కిలోల మొక్కు

ఏడో బెల్లం దిమ్మ కూడా పెట్టారు. సరోజన కూర్చున్న పళ్లెం నేల మీంచి అంగుళం కూడా లేవలేదు.

"ఇంకోటి పెట్టుండ్రి," అంది అత్తగారు పోచమ్మ, అరుగు మీద కుర్చీలోంచి.

"ఏడే తెప్పిచ్చినం అత్తమ్మా. ఇంకోటి ఏడికెల్లి వస్తది?"

పట్టుచీర కట్టుకుని, మెడలో బంతిపూల దండ వేసుకుని, తరాజు గొలుసులు రెండు చేతులా పట్టుకుని నేలకు అతుక్కుపోయిన మనిషి అంతకంటే మర్యాదగా మాట్లాడడం కష్టం.

కూతురు మేఘనకు మెడిసిన్‌లో సీటొస్తే సమ్మక్క తల్లికి నిలువెత్తు బెల్లం ఇస్తానని సరోజన మొక్కింది. సీటొచ్చింది. తరాజులో ఒక పక్క తను కూర్చోవాలి, ఇంకో పక్క తనతో సమానంగా బెల్లం పెట్టాలి. ఆ బెల్లం కారెక్కించి మేడారం తీసుకుపోవాలి. తొమ్మిదికి తూకం, పదింటికి ప్రయాణం. సరోజన బరువు అరవై ఎనిమిది కాబట్టి పది కిలోల దిమ్మలు ఏడు తెప్పించారు. పైన రెండు కిలోలు తల్లికి ఎక్కువే పోనిమ్మని ఉదారంగా అనుకున్నారు.

ఆ అరవై ఎనిమిది అంత తేలిగ్గా రాలేదు. ఐదు నెలల కిందట సరోజన ఎనభై ఏడు ఉండేది. ఒకరోజు అన్నం మానేసి, "డెబ్బైలోపు దిగేదాక ఈ ఇంట్ల బియ్యం ఉడకయి" అని ఇంటిల్లిపాదికీ మాన్పించింది. మధ్యలో ఇంట్లోని తూకం మిషను ముల్లు పట్టేసి రిపేరుకు పోయింది. నెలన్నర తర్వాత అది తిరిగి వచ్చిన రోజున ఎక్కి చూస్తే అరవై ఎనిమిది. ఇంట్లోకి బియ్యం తిరిగి వచ్చింది. సరోజన మాత్రం మహబూబాబాద్‌లోని ఆ పెద్దిళ్ల వీధికంతటికీ గురువైపోయింది. పన్నెండు మంది ఆడవాళ్లు ఆమె మాట మీద అన్నం మానేసి, మూడు నెలలుగా కొర్రల గంజి తాగుతూ, ప్రతి ఆదివారం వచ్చి ఆమె ఇంట్లోని మిషనెక్కి, తగ్గామని చప్పట్లు కొట్టుకుని పోతున్నారు.

ఆ పన్నెండు మందీ ఇప్పుడు వాకిట్లోనే ఉన్నారు. సగం మంది చేతుల్లో ఫోన్లు వీడియో తీస్తున్నాయి. పళ్లెం లేవకపోతే వాళ్లందరికీ ఏం జవాబు చెప్పాలో సరోజనకు తెలియదు.

తప్పు తనది కాదని మాత్రం బాగా తెలుసు. ఎవరిదో కూడా తెలుసు.

"సుమా, జర ఇట్ల రా," అంది.

ఆ పన్నెండు మందిలో ఒకతైన పక్కింటి సుమ ఆమెకు ప్రాణస్నేహితురాలు. సరోజన గేటుకు ఇత్తడి సింహాలు పెట్టిస్తే పదిహేను రోజుల్లో సుమ గేటుకు ఏనుగులు వచ్చేంత స్నేహం. నిన్న వాకిలి కడిగించారని, బెల్లం తడవకుండా రాత్రంతా సుమ ఇంట్లోనే పెట్టించారు.

"బెల్లం రాత్రి మీ ఇంట్లనే ఉన్నది గదా."

"ఉన్నది. అయితే?"

"దిమ్మలు మారినయా?"

సుమ ముక్కుపుడక అదిరింది.

"ఏందక్కా అంటున్నవ్? నీ మొక్కు బెల్లం నేను దొంగతనం చేసిన్నా? మా ఆయనకు రెండు పెట్రోలు బంకులున్నయ్. బెల్లం ముక్కకు కక్కుర్తి పడ్తనా?"

"కక్కుర్తి కోసం కాదు. నలుగుర్ల నన్ను నవ్వులపాలు చేసెటందుకు. నాది అరవై ఎనిమిదైతే నీది అరవై. నువ్వే సన్నగున్నవని అందరికి తెలువాలె. గంతేనా?"

"నేను సన్నగున్ననని తెలువనీకి నీ బెల్లం ఎందుకు? కండ్లుంటె చాలు." సుమ చెప్పులు విడిచి, చీర కుచ్చిళ్లు పైకి దోపుకుంది. "దిగు. నేను కూసుంట. ఏడు పెడితె ఎగిరి మీదికి పోతనా లేదా సూడు. దొంగనో దొరనో తెలుస్తది."

సరోజన దిగింది. సుమ కూర్చుంది. ఏడు దిమ్మలు అవతల ఉన్నాయి.

సుమ ఎగరలేదు. సుమ పళ్లెం సిమెంటు గచ్చుకు అతుక్కుని, పూడ్చిపెట్టిన రాయిలా ఉండిపోయింది.

సరోజన ముఖంలో ఆ పొద్దుట్నుంచి మొదటిసారి వెలుగొచ్చింది. "అరవై కిలోల సుమ, జర మీదికి లెవ్వమ్మా," అంది తియ్యగా. వెనక రాధమ్మ కిసుక్కున నవ్వి, తనది అరవై రెండని గుర్తొచ్చి నోరు మూసుకుంది.

స్నేహితురాళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇద్దరికీ ఒకేసారి తట్టింది. ఇద్దరూ ఒకేసారి తరాజు తెచ్చిన సక్రు వైపు తిరిగారు.

"నీ తరాజు ఖరాబున్నది," అంది సుమ, పళ్లెంలోంచే.

"జాతర దినాలల్ల మనుషుల్ని గిట్లనే మోసం చేస్తున్నవా? పన్నెండు మంది సాక్షులున్నరు," అంది సరోజన.

సక్రు మిర్చి బస్తాలు తూచే కాంటాలు బాగుచేసి బతికేవాడు. జాతర రోజుల్లో మాత్రం ఇళ్లకు తరాజు తెచ్చి మొక్కులు తూయిస్తాడు. అతను బీడీ కింద పడేసి కాలితో నలిపాడు.

"అమ్మా, నన్ను తిట్టుండ్రి, పడ్త. మా బాపు చేతి తరాజును అంటె పడ. గా అమ్మను దిగమనుండ్రి."

సుమ దిగింది. సక్రు రెండు పళ్లేల్లో చెరొక దిమ్మ పెట్టాడు. తరాజు అడ్డకాడి గాలిలో నిలబడి, గీత గీసినట్టు సమానమైంది. దిమ్మలు అటుదిటు మార్చాడు. మళ్లీ సమానమైంది.

"ఇగ చెప్పుండ్రి. అరవై ఎనిమిది, అరవై అని మీకు ఎవరు చెప్పిన్రు?"

"మా ఇంట్ల మిషను," అంది సరోజన తలెత్తి. "ఒక్క కిలో తేడా రాదు."

"తెండ్రి."

మిషను తెచ్చి వాకిట్లో పెట్టారు. ముల్లు సున్నా మీద బుద్ధిగా నిలబడి ఉంది. సక్రు దాని మీద ఒక దిమ్మ పెట్టాడు. పది కిలోల దిమ్మకు ముల్లు ఎనిమిది చూపించింది. రెండో దిమ్మ పెట్టాడు. ఇరవైకి పదహారు.

"పదికి ఎనిమిదైతె," అన్నాడు సక్రు మెల్లగా, "అరవై ఎనిమిదికి..."

"లెక్క చెప్పకు," అంది సరోజన.

అప్పటికే పన్నెండు మందీ ఎవరి లెక్క వాళ్లు చేసుకుంటున్నారు. ఫోన్లు ఒక్కటొక్కటిగా కిందికి దిగాయి. రాధమ్మ వేళ్లు మడిచి, విప్పి, మళ్లీ మడిచి, మెట్టు మీద కూలబడింది. "మూడు నెలలు గంజి తాగిన. మా ఇంట్ల బిర్యాని చేసుకుంటె వాసన సూసి లేచి పోయిన. అంతా గీ డబ్బ కోసమా?"

సక్రు మిషను తిరగేసి, కింది రేకు విప్పాడు. లోపలికి చూసి, చటుక్కున మూసేశాడు.

"ఏమైంది?" అంది సుమ.

"ఏం లేదమ్మా."

"ఏం లేకపోతె ఎందుకు మూసినవ్? తియ్యి."

సక్రు తల గోక్కున్నాడు. "లోపల అసలు స్ప్రింగు లేదు. కాంటాకు ఏసే గట్టి స్ప్రింగున్నది. ముల్లు సున్నాల ఉంటది గని బరువు తక్కువ సూపిస్తది." రేకు తీసి పక్కన పెట్టాడు. "గిది నా చేతి పనే."

పన్నెండు మంది ఆడవాళ్లు, సరోజనతో పదమూడు మంది, గేటు దగ్గర కారు తుడుస్తున్నట్టు నటిస్తున్న భిక్షపతి వైపు తిరిగారు. సరోజన భర్త ఆయనే. రిపేరు నుంచి మిషనును కారులో తెచ్చింది కూడా ఆయనే.

"నేను తీస్కొచ్చిన, గంతే," అన్నాడు భిక్షపతి రెండడుగులు వెనక్కి వేసి. "లోపల ఏమున్నదో నాకేం ఎరుక?"

"అన్నం కోసం పెండ్లాన్ని మోసం చేసినవా?" సరోజన కొంగుతో కళ్లొత్తుకుంది. "ఊరందరి ముంగట నా ఇజ్జత్ తీసినవ్. ప్రాణంలాంటి సుమను పట్టుకొని దొంగ అనిపిచ్చినవ్ నాతోటి."

"ఏడ్వకక్కా." సుమ ఆమె చెయ్యి పట్టుకుంది. "తక్కువ పడ్డ బెల్లం నేను తెప్పిస్త. మొక్కు మొక్కే. ముందుగాల్ల ఈ బావను కూసోబెట్టి తూద్దాం, ఎంత పాపముందో."

"సక్రూ, నీ మీద ఒట్టు," అన్నాడు భిక్షపతి చీపురు పట్టుకున్న రాధమ్మను చూస్తూ. "నేను చెప్పిన్నా నీకు?"

"సారు కాదమ్మా," అన్నాడు సక్రు. ఇక దాచి లాభం లేదని అర్థమై కళ్లు మూసుకున్నాడు. "మిషను దుకాణంల ఉన్నప్పుడు ఆటోల వచ్చింది. 'కోడలు డెబ్బై కిందికి దిగితె గాని ఇంట్ల అన్నం పుట్టేటట్టు లేదు బిడ్డా, జర గట్టి స్ప్రింగు ఎయ్యి' అన్నది. పెద్ద మనిషి, కాదనలేకపోయిన."

"ఎవరు?"

"పోచమ్మవ్వ."

అందరూ అరుగు వైపు తిరిగేసరికి కుర్చీ ఖాళీగా ఉంది. అన్నం మీద మళ్లీ నిషేధం వచ్చేలోపు వంటింట్లో కుక్కరు రెండో విజిల్ వేసింది.