తిహానా అని రాయించబోయి

ఆ రోజు లోవ్రె వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్య నెవెనా, అయిదు రోజుల పాప ఇంకా నిద్రలో ఉండగానే బయలుదేరాలి. జనన నమోదు కార్యాలయంలో పాప పేరు రాయించి, వాళ్ళు లేచేసరికి తిరిగి వచ్చి కాఫీ పెట్టాలి. పేరు సిద్ధంగానే ఉంది. నాలుగు నెలలు పేర్ల పుస్తకం తిరగేసి తానే ఏరాడు: తిహానా.

దగ్గరి దారి కదా అని చేపల బజారులోంచి నడవడమే పొరపాటైంది. ముప్ఫై రెండేళ్ళుగా అక్కడ చేపలమ్ముతున్న జ్వోంకా అతని అత్తగారు. ఆవిడ "సార్దిన్ చేపలూ!" అని ఒక్క కేక పెడితే, రేవులో పడవెక్కబోయేవాళ్ళు కూడా వెనక్కి తిరిగి చూస్తారు.

"ఏం అల్లుడూ, పొద్దున్నే ఇస్త్రీ చొక్కా?"

"పాప పేరు రాయించడానికి, అత్తయ్యా."

జ్వోంకా చేతిలో కత్తి ఆగింది. "అలాగా! ఏం పేరు?"

"తిహానా."

"అంటే?"

"నెమ్మదైన పిల్ల... నోరెత్తనిది అని."

పక్క బల్ల మీద చేపలమ్మే షిమె పగలబడి నవ్వాడు. "విన్నావా జ్వోంకా! నీ పేరుకి గణగణ మోగేదని కదూ అర్థం? మనవరాలైనా నోరు మూసుకుని ఉండాలని మీ అల్లుడు మొక్కుకున్నట్టున్నాడు!"

బజారంతా గొల్లుమంది. లోవ్రె చెవులు ఎర్రబడ్డాయి. నిజానికి ఆ పేరు కింద గీత గీసినప్పుడు అతని మనసులో మెదిలింది అత్తగారి గొంతే. అది బయటపడిపోయిందన్న కంగారులో నోటికొచ్చింది అనేశాడు.

"అబ్బే, వేళాకోళానికన్నాను! రాయించబోయేది మీ పేరే. జ్వోంకా!"

ఆవిడ ఒక్క క్షణం అతని ముఖంలోకి చూసి, ఏప్రన్ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. తర్వాత బజారు దద్దరిల్లేలా, "మనవరాలికి నా పేరు పెడుతున్నాడర్రా!" అని కేక పెట్టింది. షిమె నవ్వు ఆపి వచ్చి లోవ్రెకి చేయి కలిపాడు.

"నా బల్ల చూస్తూ ఉండు షిమె. ఆ పేరు రాస్తుంటే నా కళ్ళారా చూడాలి," అని జ్వోంకా ఏప్రన్‌తోనే అల్లుడి వెంట బయలుదేరింది.

దారిలో లోవ్రె గుర్తింపు కార్డు మరిచిపోయానన్నాడు. "జేబులోంచి కనబడుతోందిగా," అందావిడ. ఆఫీసు మూసి ఉంటుందేమో అన్నాడు. అప్పటికే వాళ్ళు తెరిచి ఉన్న తలుపు ముందు నిలబడి ఉన్నారు.

ఉద్యోగిని ఫారం ఇచ్చింది. లోవ్రె చెయ్యి అడ్డం పెట్టుకుని దాని మీద ఒక వాక్యం రాసి అందించాడు. ఆమె కళ్ళజోడు సర్దుకుని, గదిలో అందరికీ వినబడేలా చదివింది. "'దయచేసి ఈ రోజు కంప్యూటర్ పనిచేయడం లేదని చెప్పండి.' ఎందుకండీ? బాగానే పనిచేస్తోందే!"

లోవ్రెకి ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు.

"అబద్ధమాడాను, అత్తయ్యా. అనుకున్న పేరు తిహానాయే. షిమె అన్నదీ నిజమే. మీ గొంతు తలుచుకునే ఆ పేరు ఏరాను."

ఆవిడ అరుస్తుందనుకున్నాడు. అరవలేదు. "ఈ గొంతు అరిస్తేనే నా చేపలు అమ్ముడయ్యేవి, నాయనా," అంది మెల్లగా. "మీ మామగారు పోయాక నెవెనా చదువుకున్నది ఈ కేకల మీదే."

లోవ్రె ఉద్యోగిని చేతిలోని ఫారం వెనక్కి తీసుకోబోయాడు.

"ఇంతకీ మీరెందుకు వచ్చినట్టు?" అంది ఉద్యోగిని, అతని గుర్తింపు కార్డు నంబరు కంప్యూటర్లో కొట్టి చూస్తూ. "పాప పేరు మొన్ననే ఆస్పత్రి నుంచి ఫోనులోనే, ఆన్‌లైన్‌లో నమోదైపోయింది. జ్వోంకా. తల్లి పంపారు, తండ్రి ఒప్పుకున్నట్టు నొక్కారు."

అప్పుడు గుర్తొచ్చింది లోవ్రెకి. ఆస్పత్రి గదిలో అతను ఫుట్‌బాల్ మ్యాచ్ చూస్తుండగా నెవెనా చాలాసేపు ఏదో చెప్పి, ఫోను అందించింది. "సరే, సరే," అని టీవీ మీంచి చూపు తిప్పకుండానే నొక్కాడు.

"మీకు ముందే తెలుసా, అత్తయ్యా?"

"నిన్ననే నెవెనా చెప్పింది. నువ్వూ తనూ కలిసే నా పేరు పెట్టుకున్నామంది. సంతోషం పట్టలేకపోయాను. పొద్దున నువ్వు తిహానా అనేసరికి..." జ్వోంకా ఆగింది. "ఎంత దూరం వెళ్తావో చూద్దామనిపించింది."

"మరి ఆ కన్నీళ్ళు?"

"అవి నిజమే. సంతోషంతో వచ్చాయనుకోవడమే నీ పొరపాటు."

లోవ్రె ఇల్లు చేరేసరికి నెవెనా తన కాఫీ తానే పెట్టుకుని తాగుతోంది.

"పొద్దున్నే ఎక్కడికెళ్ళావు?"

"పాపకి పేరు రాయించడానికి."

"మనిద్దరం మొన్ననే రాయించాం కదా!"

"అవునట," అన్నాడు లోవ్రె.