పూజగది గడప మీద వేలెముక

"ఈ జగ్గయ్యపేటలో నేరం చేసి నా కళ్ళు గప్పగలిగినవాడు ఇంకా పుట్టలేదు. పుట్టినా ఎక్కువ కాలం బయట తిరగలేడు" అని భవానీప్రసాద్ గంభీరంగా ప్రకటించినప్పుడు అతని చేతిలో కాఫీ గ్లాసూ, పై పెదవి మీద కాఫీ నురగ మీసమూ ఉన్నాయి. విన్నవాళ్ళు ముగ్గురు. ఒక కుక్క, రెండు పిల్లులు. వాళ్ళలో కుక్క ఒక్కటే మెలకువగా ఉంది.

మెయిన్ బజారులో తాతలనాటి పప్పుల హోల్‌సేల్ దుకాణం నడుపుకుంటూ, నలభై తొమ్మిదో ఏట ఉన్నట్టుండి అపరాధ పరిశోధకుడనే బిరుదు తనకు తానే ఇచ్చుకున్న మనిషి భవానీప్రసాద్. ఈ మూడేళ్ళలో పదకొండు కేసులు చేపట్టాడు. ఒక్కటీ తేలలేదు. వాటిలో నాలుగింట అసలు నేరమే జరగలేదని తర్వాత బయటపడింది. ఇంకో కేసులో, పోయిందన్న స్కూటర్ని రెండు రోజులు ఊరంతా వెతికాడు, ఆ స్కూటర్ మీదే తిరుగుతూ. అయినా మనిషి కుంగిపోలేదు. ఒక్కటంటే ఒక్క కేసు తేల్చి, ఆ సంగతి భార్య రాజ్యశ్రీకి చెప్పి, ఆవిడ ముఖంలో ఆశ్చర్యం చూడాలన్నది అతని జీవితాశయం. పెళ్ళయి ఇరవై ఆరేళ్ళయింది. ఆవిడ ఆశ్చర్యపోవడం అతను ఇంతవరకూ చూడలేదు.

ఇంట్లో జంతువుల సంగతి కూడా చెప్పాలి. ఆరు నెలల కిందట విజయవాడ నుంచి కారులో వస్తుంటే, కీసర టోల్‌గేట్ దాటాక ఏదో బండి గుద్దేసి పోగా కాలు విరిగి రోడ్డు పక్కన పడున్న కుక్కని చూసి, కూతురు నిఖిత కారు ఆపించి ఎత్తుకొచ్చింది. దానికి టోల్‌గేట్ అనే పేరు పెట్టారు. అదీ పేరు నిలబెట్టుకుంది. గుమ్మానికి అడ్డంగా పడుకుని, ఏదో ఒకటి నోట్లో పెడితేగాని ఎవర్నీ లోపలికి వదలదు. పిల్లులు రెండూ అంతకు ముందు వానాకాలంలో గోడౌన్ బస్తాల మధ్య దొరికాయి. ఎర్రగా ఉన్నది కంది, నల్లగా ఉన్నది మినుము. గోడౌన్లో అవి ఎలుకల్ని ఏం చేస్తున్నాయో ఎవరూ అడగలేదు, అవీ చెప్పలేదు.

అది కోడిగుడ్డు వాసన కూడా ఎరగని ఇల్లు. భవానీప్రసాద్ తల్లి బసవమ్మకి డెబ్భై ఎనిమిదేళ్ళు. కుక్క వచ్చిన రోజే ఆవిడ బంధువులందరి ముందూ షరతు పెట్టింది. మనం తినేదే ఇవీ తినాలి, నీచు అనేది ఏ రోజు గడప దాటి లోపలికొస్తే ఆ రోజే మూడూ విజయవాడలో జంతువుల ఆశ్రమానికి వెళ్ళిపోవాలి. నిఖిత సరేనంది. అప్పట్నుంచీ ఆ ఇంట్లో కుక్క పెరుగన్నం, పిల్లులు పప్పన్నం తింటున్నాయి. టోల్‌గేట్ శనివారం ఉపవాసం కూడా ఉంటుందని బసవమ్మ ఇరుగుపొరుగుకి గొప్పగా చెప్పుకునేది. శనివారం ఆ ఇంట్లో ఉప్మా చేస్తారు, దానికి ఉప్మా ఇష్టం లేదు.

ఇలా సజావుగా సాగుతుండగా ఒక సోమవారం పొద్దున దీపం పెట్టడానికి వెళ్ళిన రాజ్యశ్రీ పూజగది ముందు ఆగిపోయింది. గడప మీద మినుము కూర్చుని ఉంది. దాని ముందు వేలెడు పొడుగున, తెల్లగా, రెండు చివరలా గుబ్బలున్న వస్తువొకటి ఉంది. మినుము దాన్ని దేవుడికి సమర్పించుకున్నట్టే కనపడింది.

భవానీప్రసాద్ భూతద్దం తీసుకుని వచ్చాడు. అది పప్పుల్లో పురుగు చూడటానికి దుకాణంలో వాడే భూతద్దం. అతను గడప ముందు బోర్లా పడుకుని ఐదు నిమిషాలు పరిశీలించాడు.

"కోడికాలు ఎముకండీ అది" అంది రాజ్యశ్రీ.

"కోడికాలు నువ్వెప్పుడు చూశావు?"

"కోడికి ఉంటుందిగా."

భవానీప్రసాద్ ఆ మాట పట్టించుకోలేదు. అతను పుట్టి బుద్ధెరిగాక చూసిన ఎముక ఒకటే. నాలుగేళ్ళ కిందట మెట్ల మీద జారి పడ్డప్పుడు తీసిన తన చేతి ఎక్స్‌రేలో వేలు. ఆ ఎక్స్‌రే బీరువాలో పట్టుచీరల కింద భద్రంగా ఉంది. తీసుకొచ్చి కిటికీకి ఆనించి, పక్కన ఎముక పెట్టి చూశాడు. పొడుగు సరిపోయింది, గుబ్బలు సరిపోయాయి.

"ఇది మనిషి చూపుడు వేలు" అన్నాడు నెమ్మదిగా. "ఈ ఊళ్ళో హత్య జరిగింది."

అప్పటిదాకా ఏడుపు ఆపుకుంటున్న నిఖిత ముఖం ఒక్కసారిగా విప్పారింది. కోడి అయితే షరతు తప్పినట్టే, టోల్‌గేట్ వెళ్ళిపోవాలి. మనిషి అయితే షరతులో ఆ మాటే లేదు. "హత్యే నాన్నా. చూడగానే అనుకున్నా" అంది భక్తిగా.

బసవమ్మ కంటి ఆపరేషన్ అయ్యాక ఇచ్చిన నల్ల కళ్ళజోడు సవరించుకుని వంగి చూసింది. నీచు పేరెత్తితేనే చెంబెడు నీళ్ళు నెత్తిన పోసుకునే మనిషి, ఆ రోజు ఎందుకో కాసేపు ఆలోచించింది. "నాక్కూడా వేలులాగే ఉందిరా ప్రసాదూ" అంది చివరికి.

రాజ్యశ్రీ అత్తగారి వంక ఒక చూపు చూసి, గడప కడగడానికి పసుపునీళ్ళు కలుపుకొచ్చింది.

పన్నెండో కేసు మొదలైంది. వేలు పోయినవాడు దొరికితే హంతకుడు దొరికినట్టే అని భవానీప్రసాద్ సిద్ధాంతం. వేలు పోయినవాడు బతికుంటే అది హత్య ఎలా అవుతుందని రాజ్యశ్రీ అడిగింది గానీ, గొప్ప పరిశోధకుల ఇళ్ళల్లో ఇలాంటి ఆటంకాలు మామూలే అనుకుని అతను ముందుకు సాగాడు. దుకాణానికి వచ్చిన ప్రతివాడూ రెండు చేతులూ చాచి పొట్లం అందుకోవాలని కొత్త నియమం పెట్టాడు. వేళ్ళు లెక్కపెట్టి, పది ఉంటే నిట్టూర్చేవాడు. బుధవారం కల్లా పప్పుల ప్రసాద్ గారు హస్తసాముద్రికం చూస్తున్నారనీ, చేయి చూసి నిట్టూరిస్తే గండం ఉన్నట్టనీ బజారంతా పాకిపోయింది. గురువారం ఇద్దరు తండ్రులు కూతుళ్ళ పెళ్ళి ఎప్పుడవుతుందో అడగడానికి వచ్చారు.

శనివారం వచ్చాడు సుబ్బరాయుడు. వత్సవాయి రైతు. కుడిచేతికి తువ్వాలు చుట్టుకుని ఉంది, చాచమంటే ఎడమ చెయ్యే చాచాడు. ఆయన నందిగామ బస్సెక్కితే భవానీప్రసాద్ కూడా ఎక్కి, పక్క సీట్లో కూర్చుని, చిల్లకల్లు దాకా ఓర్చుకుని, ఇక ఆగలేక చెవిలో అడిగేశాడు. "ఆ వేలు ఎవరు నరికారో నాకు చెప్పండి. మీ ప్రాణానికి నేను పూచీ."

సుబ్బరాయుడు ఒక నిమిషం అతని ముఖంలోకి చూసి, తువ్వాలు విప్పాడు. ఐదు వేళ్ళూ ఉన్నాయి. చూపుడు వేలికి గోరుచుట్టు లేచిందని నిమ్మకాయ తొడుక్కున్నాడు. తర్వాత ఆయన లేచి వెళ్ళి డ్రైవరు పక్కన కూర్చున్నాడు, నందిగామ వచ్చేదాకా వెనక్కి తిరగలేదు.

ఎటూ నందిగామ వచ్చాడు కాబట్టి టోల్‌గేట్ కాలికి కట్టు కట్టిన పశువుల డాక్టరు ప్రేమకుమారి గారి దగ్గరికి వెళ్ళి, జేబురుమాలు విప్పి, ఎముక బల్ల మీద పెట్టాడు. ఆవిడ భూతద్దం కూడా అడగలేదు.

"కోడి కాలండీ" అంది. "మీ టోల్‌గేట్ తిన్నదా? మంచిదే, పోయిన నెల చూసినప్పుడు నాలుగు కిలోలు పెరిగింది. పెరుగన్నంతో వచ్చే బరువు కాదది. ఎముక మాత్రం పెట్టొద్దనండి, గొంతులో ఇరుక్కుంటుంది. అప్పట్లో నేను గుడ్లు, చికెన్ పెట్టాలని చెప్పినప్పుడు మీరు రెండు చెవులూ మూసుకున్నారు. ఎవరో మూసుకోలేదన్నమాట. వాళ్ళకి నా థాంక్స్ చెప్పండి."

భవానీప్రసాద్ ఎముకని మళ్ళీ జేబురుమాల్లో చుట్టుకుని తిరుగు బస్సెక్కాడు. ఇల్లు చేరేసరికి టోల్‌గేట్ గుమ్మంలో అడ్డంగా పడుకుని ఉంది. బిస్కెట్ పెట్టాడు. అది దారి ఇచ్చినా అతను లోపలికి పోలేదు, పక్కనే మెట్టు మీద కూర్చుండిపోయాడు. ఇది లేకుండా గుమ్మం ఎలా ఉంటుందో అనుకుంటే అతనికి దుఃఖం వచ్చింది. హత్యే అయి ఉంటే ఎంత బాగుండేది అనుకున్నాడు.

అయితే మేధావి మేధావే. ఇంట్లోవాళ్ళు చెయ్యని పని బయటివాడే చేసుండాలి. బయటివాడి కుట్ర అని రుజువు చేస్తే కుక్క నిర్దోషి, షరతు తప్పినట్టు కాదు. తన ఇంటి ఆచారం మంటగలిపితే లాభపడేది ఎవరు? ఎదురు దుకాణం కిషోర్‌బాబు. ఈ ముక్క తట్టగానే తన బుర్రకి తనే జడుసుకున్నాడు.

ఆదివారం పదిన్నరకి, బసవమ్మ ఎప్పట్లాగే స్టీలు క్యారియర్ పట్టుకుని భజనకి వెళ్ళిపోయాక, ఎముకని టోల్‌గేట్‌కి వాసన చూపించి, గొలుసు మణికట్టుకి మూడు చుట్లు చుట్టుకుని బయల్దేరాడు. పథకం ప్రకారం బజారు మలుపులో ఎడమకి తిరగాలి, కిషోర్‌బాబు ఇల్లు అటు. టోల్‌గేట్ కుడికి తిరిగింది. ఎడమకి లాగాడు. అది కుడికి పరిగెత్తింది. దానికి ఒకప్పుడు కాలు విరిగిందంటే ఆ రోజు ఎవరూ నమ్మరు. గొలుసు విప్పుకుందామంటే మూడు చుట్లు. ఒక చెప్పు కూరగాయల బండి దగ్గరా, రెండోది పాలకేంద్రం దగ్గరా వదిలేసుకుంటూ, ఎదురైనవాళ్ళందరికీ ఇది పరిశోధన అని చెప్పుకుంటూ పోయాడు.

కుక్క ఆగింది. వరసలో నిలబడ్డ జనం పక్కన, ఎప్పుడూ కూర్చునే చోటులా చూసుకుని కూర్చుంది. భవానీప్రసాద్ రొప్పుతూ తలెత్తాడు. ఫ్రాన్సిస్ చికెన్ సెంటర్. కొక్కేలకి ఏవో వేలాడుతున్నాయి. మొద్దు మీద కత్తి ఠప్పున పడింది. అది పడిన చోట ఏముందో చూసి, బస్తా దించినట్టు అతను కూడా అక్కడే పడిపోయాడు.

తెలివి వచ్చేటప్పటికి ముఖం మీద నీళ్ళు పడుతున్నాయి. కళ్ళు తెరిచే ధైర్యం లేక అలాగే పడుకున్నాడు. పైన మాటలు వినపడుతున్నాయి.

"బోన్‌లెస్ తీసిపెట్టానండి అమ్మగారూ. జ్యోతి పసుపేసి ఉడకబెడుతోంది. పోయిన వారం అయిపోయిందని కాళ్ళు వేశా, ఇంట్లో ఇబ్బందేమీ రాలేదుగా?"

"వచ్చింది నాయనా. ఇదిగో, ఇక్కడ పడుంది."

భవానీప్రసాద్ కళ్ళు తెరిచాడు. తలమీదుగా కొంగు కప్పుకుని, నల్ల కళ్ళజోడుతో, చేతిలో భజన క్యారియర్‌తో బసవమ్మ అతని మీదికి వంగి ఉంది. మూడేళ్ళు వెతికినా దొరకని నేరస్థుడు, కళ్ళు మూసుకుని పడుకుంటే వచ్చి నెత్తిన నీళ్ళు చల్లాడు.

ఫ్రాన్సిస్ ఇద్దర్నీ వెనక వరండాలో కుర్చీల్లో కూర్చోబెట్టి, తన భార్య కృపాజ్యోతి చేత సోడా పంపించాడు.

"డాక్టరమ్మ చెప్పిన రోజు నువ్వు చెవులు మూసుకున్నావు. నేను విన్నా" అంది బసవమ్మ.

"షరతు పెట్టింది నువ్వేగా అమ్మా."

"పెట్టా. అది కాలీడ్చుకుంటూ వచ్చి, పెరుగన్నం వాసన చూసి, నేను బాధపడతానని రెండు ముద్దలు తిని పడుకునేది. మొహమాటపడే కుక్కని నేను ఎక్కడా చూడలేదురా. చూడలేకపోయా. నియమం మనకి. అదేమన్నా మాల వేసుకుందా?"

నాలుగు నెలలుగా ఆవిడ ప్రతి ఆదివారం భజన వంకన వస్తోంది. ఇక్కడే ఉడికించిన ముక్కలు క్యారియర్లో పట్టుకెళ్ళి, గోడౌన్ వెనక పుల్లతో తోసి మూడింటికీ పెట్టి, ఇంటికొచ్చి తలస్నానం చేస్తోంది. కొన్ని వారాలుగా టోల్‌గేట్ కూడా వెంట వస్తోంది. మినుము ఒక ఎముక దాచిపెట్టుకుంటుందని ఆవిడ అనుకోలేదు.

"నువ్వు ఇంట్లో చెప్తే దాన్ని పంపాల్సింది నేనే. అందరి ముందూ అన్నాగా" అంది. కళ్ళజోడు తీసి తుడుచుకుంది. తడి అద్దాల మీద లేదు.

భవానీప్రసాద్ సోడా పక్కన పెట్టి లెక్క వేసుకున్నాడు. పన్నెండు కేసుల్లో తేలింది ఇదొక్కటే. సాక్షి ఉన్నాడు, క్యారియర్ ఉంది, నేరం ఒప్పుకున్న మనిషి ఎదురుగా ఉంది. రాజ్యశ్రీ ముఖంలో ఆశ్చర్యం చూడటానికి ఇంతకంటే మంచి అవకాశం ఈ జన్మలో రాదు. టోల్‌గేట్ లేచి వచ్చి అతని మోకాలి మీద గడ్డం ఆనించింది.

ఆ మధ్యాహ్నం అందర్నీ హాల్లో కూర్చోబెట్టి, గొంతు సవరించుకుని, ఇది హత్య కాదు, కోడి ఎముక అన్నాడు. నిఖిత టోల్‌గేట్ మెడ గట్టిగా పట్టుకుంది. ఆ ఎముకని ఒక కాకి తెచ్చి పెరట్లో పడేసిందనీ, అక్కణ్ణుంచి పిల్లి లోపలికి తెచ్చిందనీ చెప్పాడు. "ఏ కాకో ఎంత ప్రయత్నించినా తెలుసుకోలేకపోయా. ఈ కేసులో నేను ఓడిపోయా" అని కూర్చున్నాడు. అంత చిన్న ఉపన్యాసం అతను ఎన్నడూ ఇవ్వలేదు.

కాకి చేసిన దానికి కుక్కనీ పిల్లుల్నీ వెళ్ళగొట్టడం ధర్మం కాదని బసవమ్మ వెంటనే తీర్పు చెప్పి, తలస్నానానికి లేచింది. నిఖిత ఏడుస్తూ నవ్వుతూ మూడింటినీ వరసగా ముద్దు పెట్టుకుంది.

అందరూ వెళ్ళాక రాజ్యశ్రీ దగ్గరికొచ్చి, అతని వీపు మీంచి ఏదో తీసి అరచేతిలో పెట్టి చూపించింది. తెల్లటి కోడి ఈక.

"అత్తయ్య ఆదివారం రెండోసారి తలస్నానం ఎందుకు చేస్తుందో నాకు మూడు నెలల్నుంచీ తెలుసు" అంది గొంతు తగ్గించి. "వచ్చే వారం నుంచి ముందు రోజే ఫోన్ చేసి బోన్‌లెస్ తీసి ఉంచమనండి."

భవానీప్రసాద్ తలూపాడు. చిన్నబోయిన ముఖంతో, అయితే ఇంట్లో చివరగా కనిపెట్టింది తనేనన్నమాట అనుకున్నాడు.

"మీకు తెలిసిపోతుందని అనుకున్నా" అంది రాజ్యశ్రీ. "తెలిసీ చెప్పకుండా ఉండగలరని మాత్రం నేను అనుకోలేదండీ."

అతను తలెత్తి చూశాడు. ఇరవై ఆరేళ్ళుగా ఎదురుచూసిన ఆశ్చర్యం ఆవిడ ముఖంలో ఉంది.